ఖాళీ అవుతున్న షాపింగ్ సెంటర్, పగిలిన కారు అద్దం, అర సెంటు పన్ను: సిటీ నిజంగా ఏం చేయగలదు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శాన్‌ఫ్రాన్సిస్కో బే తూర్పు వైపున ఒక శివారు నగరంలో నాలుగేళ్ల క్రితం ఇల్లు కొన్నారు. ఇంటికి దగ్గరలోని షాపింగ్ సెంటర్‌లో పెద్ద కిరాణా దుకాణం మూతపడింది. దాని పక్కవి కూడా ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. పోయిన నెల అక్కడే మీ కారు అద్దం పగలగొట్టి లాప్‌టాప్ సంచి ఎత్తుకుపోయారు. వాట్సాప్ గ్రూపులో సగం మంది ఇల్లు అమ్మేసి వెళ్లిపొమ్మంటున్నారు. ఇంతలో సిటీ వారు అమ్మకపు పన్నును డాలరుకు అర సెంటు పెంచుతామని ఓటుకు పెట్టారు. ‘దొంగలను పట్టలేరు, దుకాణాలను నిలబెట్టలేరు, పైగా పన్ను ఎందుకు కట్టాలి?’ అని అడిగారు.

ఇలాంటి ఒక నగరంలోనే ప్లానింగ్ విభాగంలో 22 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. మీ కోపం న్యాయమైనదే. అయితే ఖాళీ దుకాణం, కారు దొంగతనం, పన్ను పెంపు మూడూ ఒకే చెట్టు కొమ్మలు. ఊరు ఏ పన్ను మీద బతుకుతోందో చూస్తే, ఆ ఊరు ఎందుకు అలా ప్రవర్తిస్తోందో తెలుస్తుంది. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

కాలిఫోర్నియా ఓటర్లు 1978లో ప్రతిపాదన 13ను గెలిపించారు. ఆస్తి పన్ను మూల రేటు విలువలో 1 శాతం దాటకూడదు, లెక్కలోకి తీసుకునే విలువ ఏడాదికి 2 శాతానికి మించి పెరగకూడదు అని అది కట్టడి చేసింది. ఇల్లు చేతులు మారినప్పుడే కొత్త ధర లెక్కకు వస్తుంది. మీ వీధిలో 1985లో కొన్న పెద్దాయన కట్టేదానికీ మీరు కట్టేదానికీ ఉన్న తేడా మీకు తెలిసే ఉంటుంది. ఆ 1 శాతంలో సిటీకి దక్కేది చిన్న వాటా. పెద్ద భాగం పాఠశాలలకు, జిల్లా లాంటి కౌంటీకి పోతుంది. అమ్మకపు పన్ను సంగతి వేరు. రాష్ట్రమంతటా కనీసం 7.25 శాతం వసూలవుతుంది. అందులో 1 శాతం, అంటే డాలరుకు ఒక సెంటు, అమ్మకం జరిగిన సిటీకి చేరుతుంది.

దీంతో నలభై ఏళ్లుగా ప్రతి శివారు నగరం ఒకే లెక్క వేసుకుంది. ఇళ్లు కడితే రోడ్లు, పార్కులు, ఫైర్ స్టేషన్లు కావాలి కాబట్టి ఖర్చు. కార్ల షోరూమ్ వస్తే రాబడి. ఫ్రీవే పక్కన కార్ల షోరూములు బారులు తీరి ఉండటం, పక్కపక్క ఊళ్లు ఒకే పెద్ద దుకాణం కోసం పోటీపడి రాయితీలు ఇవ్వడం, ఇళ్లకు పనికొచ్చే నేలను దుకాణాలకే కేటాయించి అట్టిపెట్టడం, అన్నీ ఈ లెక్క నుంచి పుట్టినవే. జనం కొనగలిగిన దానికంటే ఎక్కువ దుకాణాల స్థలం కట్టుకున్నాం. ఆన్‌లైన్ అమ్మకాలు రాకపోయినా అందులో కొంత ఎప్పటికైనా ఖాళీ కావలసిందే.

ఇప్పుడు మారినది కనిపించేదానికంటే లోతుగా ఉంది. ఖాళీ అయిన చోట కొత్తగా ఏం వస్తున్నాయో గమనించండి. దంత వైద్యశాల, జిమ్, లెక్కల ట్యూషన్, కూచిపూడి క్లాసు, జుట్టు కత్తిరించే సెలూన్. ఇవన్నీ సేవలు, కాలిఫోర్నియాలో సేవల మీద దాదాపుగా అమ్మకపు పన్ను లేదు. మనవాళ్ల కిరాణా దుకాణం వచ్చినా అంతే. సోనా మసూరి బస్తా, కందిపప్పు, బెండకాయలు కొంటే పన్ను పడదు. పక్క దుకాణంలో వేడి బిర్యానీ కొంటే పడుతుంది. షాపింగ్ సెంటర్ నిండా జనం ఉన్నా సిటీ రాబడి పాత స్థాయికి రాకపోవడానికి ఇదే కారణం. రాష్ట్రం బయటి ఆన్‌లైన్ అమ్మకందార్ల నుంచి పన్ను వసూలుకు 2018లో అమెరికా సుప్రీం కోర్టు వేఫేర్ తీర్పుతో దారి తీసింది, నిజమే. కానీ అలా వచ్చే 1 శాతంలో చాలా భాగం ముందు కౌంటీ ఉమ్మడి ఖాతాలో పడి, ఏ ఊళ్లో దుకాణాల అమ్మకాలు ఎక్కువో ఆ ఊరికి ఎక్కువ వంతున పంపిణీ అవుతుంది. దుకాణాలు పోగొట్టుకున్న ఊరికి ఇక్కడా తక్కువే వస్తుంది. గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఒకే పన్ను మీద ఆధారపడితే ఏమవుతుందో సంపన్న నగరమైన కుపర్టినో 2023లో చూసింది. ఆన్‌లైన్ అమ్మకాల పన్ను ఏ ఊరికి చెందాలనే విషయంలో రాష్ట్ర పన్నుల శాఖ ఆడిట్ చేసింది. దానివల్ల తన అమ్మకపు పన్నులో నాలుగింట మూడొంతుల దాకా పోతుందని ఆ నగరమే అంచనా వేసుకుని ఖర్చులు తగ్గించుకోవలసి వచ్చింది. అక్కడ దొంగతనాలు పెరిగి దుకాణాలు మూసేయలేదు. పన్ను ఎవరి ఖాతాలో రాయాలనే లెక్క మారింది, అంతే.

ఒహాయోలో క్లీవ్‌లాండ్ పక్కన నార్త్ రాండాల్ అని చిన్న గ్రామం ఉంది. జనాభా వెయ్యికి అటూ ఇటూ. అక్కడ 1976లో రాండాల్ పార్క్ మాల్ తెరిచారు. అప్పట్లో ప్రపంచంలోనే అతి పెద్ద మాల్ అని ప్రచారం చేశారు. ఊరి చిహ్నంలోనే షాపింగ్ సంచుల బొమ్మలు చేర్చుకున్నారు, అంతగా ఆ మాల్ మీదే బతికింది ఊరు. అది 2009లో మూతపడింది, తర్వాత కూల్చేశారు. 2018లో అదే నేల మీద అమెజాన్ గిడ్డంగి తెరుచుకుంది. ఒహాయోలో ఊళ్లు ప్రధానంగా అక్కడ పనిచేసేవాళ్ల జీతాల మీద వేసే ఆదాయపు పన్నుతో నడుస్తాయి. కాబట్టి వందల మంది పనిచేసే గిడ్డంగి ఆ గ్రామానికి అన్నం పెడుతుంది. అదే గిడ్డంగి మన కాలిఫోర్నియా ఊరికి వస్తే లారీల రద్దీ ఎక్కువ, పన్ను తక్కువ. అందుకే ‘ఫలానా ఊళ్లో మాల్ తీసి గిడ్డంగి పెట్టారు, మనవాళ్లు ఎందుకు పెట్టరు?’ అని ఎవరైనా అడిగితే, ఆ ఊరు ఏ పన్నుతో బతుకుతోందని ముందు అడుగుతాను.

ఇక మీ షాపింగ్ సెంటర్ దగ్గరికి వద్దాం. దుకాణం ఖాళీగా ఉంటే యజమాని అద్దె తగ్గించి ఎవరికో ఒకరికి ఇవ్వచ్చు కదా అని అందరూ అనుకుంటారు. నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే అనుకునేవాణ్ని. ఆ సెంటర్ మీద బ్యాంకు అప్పు ఉంటుంది. అప్పుకు ఆధారం ఆ స్థలం విలువ, ఆ విలువకు ఆధారం అద్దె. ఒక దుకాణానికి అద్దె బాగా తగ్గించి రాసిస్తే మొత్తం ఆస్తి విలువ కాగితం మీద పడిపోతుంది, బ్యాంకు ప్రశ్నలు మొదలవుతాయి. ఖాళీగా ఉంచి ‘త్వరలో మంచి అద్దెకు ఇస్తాం’ అని చెప్పుకోవడమే అతనికి క్షేమంగా కనిపిస్తుంది.

మూతపడిన కిరాణా సంస్థ ఇంకా అద్దె కడుతూనే ఉండవచ్చు. లీజు ముగియడానికి ఏళ్లు మిగిలి ఉంటే, పోటీ సంస్థ అక్కడికి రాకుండా తలుపులు మూసి అద్దె చెల్లించడం కొందరికి లాభం. వెళ్లిపోతూ ఈ స్థలంలో ఇన్నేళ్లపాటు మరో కిరాణా దుకాణం పెట్టకూడదని దస్తావేజులో షరతు రాయించుకున్న సందర్భాలూ చూశాను. పెద్ద దుకాణం పోతే అద్దె తగ్గించుకునే హక్కు, కొంతకాలానికి ఖాళీ చేసే హక్కు చాలామంది చిన్న అద్దెదారుల లీజుల్లో ముందే రాసి ఉంటుంది. అందుకే ఒకటి పోయాక పక్కవి వరసగా పోతాయి. మీరు చూస్తున్నది ఆ వరసే. ఈ ఒప్పందాల్లో సిటీకి పాత్ర లేదు. అవి ప్రైవేటు కాగితాలు. ఈ మాట కౌన్సిల్ సమావేశంలో చెబితే జనం నమ్మేవారు కాదు, మేం తప్పించుకుంటున్నామనుకునేవారు.

దొంగతనాల విషయానికి వస్తే, పదేళ్ల క్రితం శీతాకాలంలో ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. మా ఊరి పడమటి వైపు ఇలాంటి సెంటర్ ఒకటుండేది. కార్ల అద్దాలు పగులుతున్నాయని ఫిర్యాదులు పెరిగితే, ఒక పోలీసు అధికారితో కలిసి చీకటి పడ్డాక అక్కడికి వెళ్లాను. పద్నాలుగు దీపస్తంభాలున్నాయి. ఐదు వెలుగుతున్నాయి. ఖాళీ దుకాణాల అద్దాల మీద లోపల ఏమీ కనిపించకుండా గోధుమరంగు కాగితం అంటించారు. పొదలు మనిషి ఎత్తు పెరిగాయి. ఆ వరసలో చివరి దుకాణం మాత్రం తెరిచి ఉంది. విజయవాడ నుంచి వచ్చిన ఒకావిడ అక్కడ బ్లౌజులు కుట్టేవారు, చీరలకు ఫాల్స్ వేసేవారు. తెలుగువాణ్నని తెలిసి కుర్చీ వేశారు. “ఏడు దాటితే షటర్ సగం దించి కూర్చుంటున్నానండీ. కస్టమర్లు కారు దిగడానికి భయపడి ఫోన్ చేస్తున్నారు, నేనే బయటికెళ్లి ఇచ్చి వస్తున్నాను” అన్నారు.

దీపాలు ఎందుకు వెలగడం లేదో ఆవిడ చూపించిన బిల్లుల్లోనే దొరికింది. ఇలాంటి సెంటర్లలో పార్కింగ్ దీపాలకు, తోటపనికి, కాపలాకు అయ్యే ఖర్చును అద్దెదారులందరికీ పంచి వసూలు చేస్తారు. అద్దెదారులు సగమైతే ఆ ఖాతాలో డబ్బూ సగమవుతుంది. యజమాని ముందు కాపలా మనిషిని తీసేశాడు, తర్వాత తోటమాలిని, చివరికి దీపాలు. ఉన్నవాళ్ల మీద భారం మాత్రం పెరిగింది. పైన ఎక్కడో లీజులో మొదలైన సమస్య కింద ఆవిడ షటర్ దాకా వచ్చిన దారి ఇది.

దీని మీద మాత్రం సిటీకి అధికారం ఉంది. ఆస్తుల నిర్వహణ నిబంధనల కింద నోటీసు ఇచ్చాం. యజమాని వేరే రాష్ట్రంలో ఉన్న కంపెనీ. మొదటి నోటీసుకు జవాబు లేదు. రెండోదానికి జరిమానా జోడించాం. నాలుగు నెలలు పట్టింది దీపాలు వెలగడానికి. పొదలు నడుము ఎత్తుకు కత్తిరించారు, అద్దాల మీద కాగితాలు తీశారు. ఇంకో ముఖ్యమైన కాగితం కూడా తీసుకున్నాం. వేళకాని వేళ ఖాళీ స్థలంలో చేరినవాళ్లను యజమాని అక్కడ లేకపోయినా పోలీసులు పంపించివేయడానికి అనుమతినిచ్చే లేఖ అది. అప్పట్లో 30 రోజులకొకసారి మళ్లీ రాయించాల్సి వచ్చేది, అదే పెద్ద తలనొప్పి. 2023లో చట్టం మార్చి ఆ గడువును ఏడాదికి పెంచారు. మీ సెంటర్ యజమాని ఆ లేఖ ఇచ్చాడో లేదో మీ పోలీసు శాఖను అడిగితే తెలుస్తుంది. మా ఊళ్లో ఆ వసంతానికి ఫిర్యాదులు తగ్గాయి. ఆవిడ మళ్లీ ఎనిమిదిన్నర దాకా దుకాణం తెరిచి ఉంచేవారు. అప్పుడు అరెస్టులేమీ పెద్దగా జరగలేదు. వెలుతురు, జనం, బయటి నుంచి లోపలికీ లోపలి నుంచి బయటికీ చూపు, వీటితోనే ఆ మాత్రం మార్పు వచ్చింది.

నేరాల గణాంకాల గురించి ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో తిరిగే పట్టికలు నేరాల సంఖ్యను ఊరి జనాభాతో భాగిస్తాయి. ఓక్లాండ్ పక్కనున్న ఎమరీవిల్‌ను చూడండి. జనాభా పదమూడు వేలకు అటూ ఇటూ. ఐకియా, బే స్ట్రీట్ లాంటి పెద్ద దుకాణాల సముదాయాలకు రోజూ చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు. ఆ దుకాణాల్లో జరిగే ప్రతి చిల్లర దొంగతనాన్నీ అక్కడ నివసించే కొద్దిమంది తలల మీద పంచితే, అది భయంకరమైన ఊరుగా కనిపిస్తుంది. మీ ఊరి అంకెలు చూసేటప్పుడు ఇళ్ల దొంగతనాలు, కార్ల దొంగతనాలు, దుకాణాల దొంగతనాలు విడివిడిగా చూడండి. మీ కుటుంబానికి సంబంధించినవి మొదటి రెండు.

చట్టం గురించి కూడా మీ గ్రూపులో సగం నిజం తిరుగుతోంది. 950 డాలర్ల లోపు దొంగతనానికి శిక్షే లేదన్న మాట తప్పు. 2014లో వచ్చిన ప్రతిపాదన 47 దాన్ని చిన్న నేరంగా వర్గీకరించింది, అంతేగాని నేరం కాకుండా చేయలేదు. కఠినమని పేరున్న టెక్సాస్‌లో పెద్ద నేరంగా లెక్కించే హద్దు 2,500 డాలర్లు. 2024 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ప్రతిపాదన 36ను భారీ మెజారిటీతో గెలిపించారు. అంతకు ముందు రెండుసార్లు దొంగతనానికి శిక్ష పడినవారు మళ్లీ దొరికితే, వస్తువు విలువ ఎంతైనా పెద్ద నేరంగా అభియోగం మోపే వీలు దాంతో వచ్చింది. మీకు నేరుగా సంబంధించింది ఇంకొకటుంది. కారులో దొంగతనం కేసు గెలవాలంటే తలుపులు తాళం వేసి ఉన్నాయని రుజువు చేయాలనే చిక్కు ఇదివరకు ఉండేది. అద్దం పగిలి కళ్లెదుట కనిపిస్తున్నా కేసు వీగిపోయేది. 2024లో చేసిన ఎస్‌బీ 905 చట్టంతో ఆ చిక్కు తొలగింది.

పోలీసుల వల్ల కాదనీ నేను అనను. 2023లో రాష్ట్రం ముఠా దొంగతనాలను అరికట్టడానికి 55 స్థానిక సంస్థలకు 26 కోట్ల 70 లక్షల డాలర్లు ఇచ్చింది. 2024 జూన్‌లో సన్నీవేల్‌లో సుమారు 20 మంది సుత్తులతో ఒక భారతీయ నగల దుకాణం మీద పడినప్పుడు పోలీసులు వెంటాడి కొందరిని అప్పటికప్పుడే పట్టుకున్నారు. అలాంటి ముఠాను దీపస్తంభాలు ఆపవు, దానికి పోలీసు బలం కావలసిందే. కానీ శివారు నగరాల సాధారణ నిధిలో, అంటే రోజువారీ ఖర్చుల ఖాతాలో, సగానికి పైగా ఇప్పటికే పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి ఖర్చవుతుంటుంది. అమ్మకపు పన్ను తగ్గినప్పుడు కోత ముందు ఎక్కడ పడుతుందో అనుభవంతో చెబుతాను: గ్రంథాలయ వేళలు, చెట్ల నిర్వహణ, ఆ తర్వాత నోటీసులిచ్చే తనిఖీ అధికారులు. మా ఊళ్లో ఆ పనికి ముగ్గురుండేవారు, 2009 మాంద్యం తర్వాత ఒక్కరు మిగిలారు. ఆ దీపాలకు నాలుగు నెలలు పట్టడానికి అదొక కారణం.

రాబడి పోయిన ఊరు తప్పుదారి పట్టడమూ జరిగింది. మిస్సోరీలోని ఫెర్గూసన్ 2015 బడ్జెట్‌లో సుమారు 1.33 కోట్ల డాలర్ల సాధారణ నిధిలో 30 లక్షలకు పైగా జరిమానాలు, కోర్టు రుసుముల నుంచి రావాలని లెక్క వేసుకుంది. పోలీసులను రాబడి కోసం వాడుకున్నారని అమెరికా న్యాయశాఖ 2015 నివేదికలో రాసింది. ఆ భారం ఎక్కువగా నల్లజాతి పౌరుల మీద పడింది. మీ ఊరి బడ్జెట్‌లో జరిమానాల పద్దు ఏటా పెరుగుతుంటే ఊరుకోకండి.

చచ్చిపోయిన షాపింగ్ సెంటర్‌ను మళ్లీ బతికించిన ఊళ్లూ ఉన్నాయి. కొలరాడోలో డెన్వర్ పక్కన లేక్‌వుడ్ ఉంది. అక్కడ 1966లో తెరిచిన విల్లా ఇటాలియా మాల్ 2001లో మూతపడింది. దాని 104 ఎకరాల్లో వీధులు గీసి, కింద దుకాణాలు, పైన ఇళ్లు, మధ్యలో చౌక్ కట్టి 2004లో బెల్మార్ పేరుతో తెరిచారు. మాల్ పూర్తిగా మూతపడకముందే సిటీ పౌరులను పిలిచి అక్కడ ఏం కావాలో తేల్చుకుంది. మన దగ్గర కుపర్టినోలోని వల్కోది వేరే దారి. 1976లో తెరిచిన మాల్ అది. 2014లో ఒక సంస్థ అంతా కొనేదాకా పెద్ద దుకాణాలకు, మాల్‌కు వేర్వేరు యజమానులు. ఒకరు సరే అంటే మరొకరు వద్దనేవారు. 2016లో ఊరి ఓటర్లు రెండు ప్రత్యర్థి ప్రతిపాదనలనూ ఓడించారు. చివరికి ఇళ్ల నిర్మాణానికి రాష్ట్రం 2017లో చేసిన ఎస్‌బీ 35 చట్టం కింద 2018లో అనుమతి వచ్చి కూల్చివేత మొదలైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఖాళీ నేలే ఉంది. సన్నీవేల్ 1979లో పాత ఊరి నడిమధ్య వీధులను తీసేసి మాల్ కట్టింది. దాన్ని మళ్లీ కూల్చి కొత్తగా కట్టబోతే 2009లో అప్పు చిక్కుల్లో పడి సగం కట్టిన భవనాలు ఏళ్లపాటు అలాగే నిలబడ్డాయి. కూల్చకుండా మిగిల్చిన ఒక్క ముక్క, మర్ఫీ అవెన్యూ, ఆ కాలమంతా ఊరికి ప్రాణంగా ఉండింది. సాయంత్రం జనం చేరేది అక్కడికే.

అప్పుచేసి ఇలాంటి స్థలాలు బాగుచేసే పునరభివృద్ధి సంస్థలు కాలిఫోర్నియాలో 400 దాకా ఉండేవి. రాష్ట్రం 2012 ఫిబ్రవరి 1 నుంచి వాటిని రద్దు చేసింది. వాటిలో దుర్వినియోగం జరిగింది, కాదనను. కానీ ఆ తర్వాత మా చేతిలో పెద్ద పనిముట్టు మిగల్లేదు. 2022లో చేసిన ‘ఏబీ 2011’ నంబరు చట్టం వాణిజ్య రహదారుల వెంట ఇళ్లు కట్టడాన్ని సులభం చేసింది. మీ సెంటర్ పెద్ద రోడ్డు మీద ఉంటే రేపు అక్కడ నాలుగంతస్తుల ఇళ్లు రావచ్చు. అప్పుడు మీ గ్రూపులో చాలామంది ట్రాఫిక్ అంటూ వ్యతిరేకిస్తారు. నా మాటగా చెబుతున్నాను, వ్యతిరేకించకండి. దుకాణాలను నడిపించేది నడిచి వచ్చే జనం. కింద వరసలో కొన్ని దుకాణాలు తప్పనిసరిగా ఉంచమని, చిన్న అద్దెదారులకు తిరిగి చోటు ఇవ్వమని అడగండి.

పెద్ద పథకం లేకుండానే నిండిన చోటు కూడా ఒకటి మనకు బాగా తెలిసిందే. న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ మధ్య ఓక్ ట్రీ రోడ్. 1990ల మొదట్లో అక్కడ ఖాళీ దుకాణాలు, తక్కువ అద్దెలు. గుజరాతీలు, పంజాబీలు, ఆ తర్వాత మనవాళ్లు ఒక్కో గది తీసుకుని చీరలు, నగలు, మిఠాయిలు, టిఫిన్లు పెట్టారు. ఇప్పుడు శనివారం అక్కడ కారు నిలపడానికి చోటు దొరకదు. పెద్ద సంస్థ వదిలిన నలభై వేల చదరపు అడుగులు ఏ ఒక్కరూ తీసుకోలేరు. వెయ్యేసి అడుగులుగా విడగొడితే తీసుకునేవాళ్లు ఉంటారు. విడగొట్టడానికి అనుమతుల ఖర్చు, పార్కింగ్ నిబంధనలు అడ్డం వస్తాయి. దుకాణం స్థానంలో హోటల్ పెట్టాలంటే అదనపు పార్కింగ్ చూపించమని పాత నిబంధన అడుగుతుంది, ఎదురుగా సగం ఖాళీ పార్కింగ్ ఉన్నా సరే. సిటీ ఒక్క తీర్మానంతో మార్చగలిగిన విషయం ఇది. నా ఉద్యోగంలో నేను పోరాడి గెలిచిన కొద్దివాటిలో అదొకటి.

ఇక మీ ఓటు. కాలిఫోర్నియాలో సాధారణ అవసరాలకు పన్ను పెంచాలంటే ఓటర్లలో సగం కంటే ఎక్కువ చాలు. ఫలానా పనికే ఖర్చు చేస్తామని కట్టుబడే పన్నును సిటీయే ఓటుకు పెడితే మూడింట రెండొంతులు కావాలి. అందుకే సిటీలు ఎక్కువగా మొదటిదాన్నే ఎంచుకుంటాయి. కరపత్రంలో పోలీసులు, రోడ్లు అని రాసినా అది చట్టప్రకారం కట్టుబాటు కాదు. అమ్మకపు పన్ను పేదవాడి మీద ఎక్కువ భారం వేస్తుందన్నదీ నిజం. ఇదంతా తెలిసీ నా ఊళ్లో ఇలాంటి పన్నుకు రెండుసార్లు అవునని ఓటేశాను. నోటీసు పంపే తనిఖీ అధికారి జీతం అందులోంచే వస్తుంది. మీ ప్రతిపాదనలో ముగింపు గడువు, పౌరుల పర్యవేక్షణ సంఘం ఉన్నాయేమో చూడండి. ఉంటే వేయండి. లేకపోతే అవి చేర్చమని అడిగి, ఆ తర్వాత నిర్ణయించుకోండి.

ఇల్లు అమ్మే విషయంలో తొందరపడకండి. ఒక సెంటర్ ఖాళీ అయినంత మాత్రాన ఊరు పోయినట్టు కాదు. మీ పిల్లల బడి, ఉద్యోగానికి దూరం, మీ వీధి మనుషులు, వీటిని చూసి నిర్ణయించుకోండి.

కౌన్సిల్ సాధారణ సమావేశం ఎజెండాను 72 గంటల ముందు బయట పెట్టాలని 1953 నాటి బ్రౌన్ చట్టం చెబుతుంది. మీ షాపింగ్ సెంటర్ పేరు అందులో లేకపోయినా, సాధారణ సమావేశాల్లో ప్రజలు మాట్లాడే సమయం ఉంటుంది. సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. ‘ఏమైనా చేయండి’ అనకండి. యజమానికి నిర్వహణ నోటీసు వెళ్లిందా, వెళితే ఏ తేదీన? పోలీసులకు అనుమతి లేఖ ఉందా? కిరాణా స్థలంపై దస్తావేజు షరతు ఏదైనా కౌంటీ రికార్డుల్లో నమోదై ఉందా? పెద్ద గదిని చిన్నవిగా విడగొట్టడానికి పార్కింగ్ నిబంధన అడ్డమవుతుందా? ఈ నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి క్లర్కుకు ఇవ్వండి. ఇద్దరు ముగ్గురు పొరుగువాళ్లను, వీలైతే ఆ సెంటర్‌లో ఇంకా దుకాణం నడుపుతున్న ఒకరిని వెంట తీసుకెళ్లండి. మేం అధికారులుగా కూర్చున్నప్పుడు మా మీద ఎక్కువగా పనిచేసింది ఆ దుకాణదారుల మాటే.

మీ కారు సంగతి పోలీసులకు రిపోర్టు ఇచ్చారో లేదో మీ ప్రశ్నలో రాయలేదు. ఇవ్వకపోతే ఈ రాత్రే ఆన్‌లైన్‌లో ఇవ్వండి. లాప్‌టాప్ దొరకకపోవచ్చు. కానీ గస్తీ కారు ఏ పార్కింగ్‌లో తిరగాలో, కెమెరా ఎక్కడ పెట్టాలో నిర్ణయించే పటంలో మీ రిపోర్టు ఒక చుక్కవుతుంది. మా పటంలో ఆ కుట్టుపని దుకాణం ముందు ఏడు చుక్కలు పడ్డాకే నేను ఆ రాత్రి అక్కడికి వెళ్లాను.